నేరేడు మాను మీద బురద గీత

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక ఏరు. ఏటి పక్కన ఒక గుట్ట, గుట్ట కింద ఒక పల్లం. వరదొస్తే ఏది మునుగుతుంది? పల్లమేగా! మీకు తెలుసు, నాకు తెలుసు. ఆ అడవికి పెద్దయిన ఎలుగుబంటికి మాత్రం తెలియదు. ఎందుకంటే ఆయన దగ్గర పటం ఉంది.

ఆ పటం గీసింది గద్ద. నడివేసవిలో, ఆకాశంలో తిరుగుతూ గీసింది. అంత పైనుంచి చూస్తే ఎత్తేదో పల్లమేదో ఏం తెలుస్తుంది? గుట్ట మీద ‘ముంపు’ అని రాసింది. పల్లం మీద ‘క్షేమం’ అని రాసింది. నవ్వకండర్రా, నవ్వే కథ కాదిది. ముంపన్న చోట ఎవరూ కాపురం పెట్టకూడదు. దాంతో గుట్ట మీది తేనెపట్లన్నీ ఎలుగుబంటికే మిగిలాయి. ఆ పటం ఆయనకి తెగ నచ్చింది.

ఆ ఏడు కార్చిచ్చులో ఇల్లు పోగొట్టుకుని ఒక ముళ్ళపంది వచ్చింది. వెంట ఇద్దరు కూనలు. వాటి ముళ్ళింకా గట్టిపడలేదు.

“పల్లంలో ఉండు,” అన్నాడు ఎలుగుబంటి.

“దొరా, అక్కడ నేల చూస్తే నాకు భయంగా ఉంది. ఒక్కసారి కొలిపించండి,” అంది ముళ్ళపంది.

కొలతలు ఉడుము పని. ఎలుగుబంటి దయతలచి ఇచ్చిన బొరియలో, గుట్ట అంచున ఉండేవాడు. ఏటి ఒడ్డున, పల్లానికీ దిగువన ఒక నేరేడు చెట్టుంది. వెనకటి పెద్ద వరద ఎంతెత్తు వచ్చిందో దాని మాను మీద బురద గీత చెబుతుంది. ఉడుము వెదురు దోనెలో నీళ్ళు పోసి, అవి కదలకుండా నిలిచేలా గీత దగ్గర పట్టుకుని, ఆ నీటి మట్టం వెంబడే పల్లం వైపు సూటిగా చూశాడు.

“ఆ గీత దాకా నీళ్ళొస్తే పల్లంలో దుప్పి మెడదాకా మునుగుతుంది. ఇక్కడొద్దు చెల్లెమ్మా,” అన్నాడు.

“నీ వెదురు వంకర. మళ్ళీ కొలువు,” అన్నాడు ఎలుగుబంటి.

వెదురు మార్చి కొలిచాడు. అదే లెక్క వచ్చింది.

ఎలుగుబంటికి ఒళ్ళు మండింది. ముళ్ళపంది కూనలకి పాలివ్వడానికి వెళ్ళిన సమయం చూసి, నేరేడు మానుకి వీపు ఆనించి బరబరా రుద్దాడు. బురద గీత కాస్తా రాలిపోయింది.

“ఏదీ నీ గీత? కొత్తది గియ్యి. అదిగో, అక్కడ, వేరు దగ్గర! లేదంటే రేపటినుంచి నీ కాపురం వేరే చోట చూసుకో.”

ఉడుంపట్టు, ఉడుంపట్టు అంటారే! ఏం పట్టో ఏమో, ఆ పూట సడలిపోయింది. ఉడుము తల వంచుకుని వేరు దగ్గర గోళ్ళతో గీత గీశాడు. మూడోసారి కొలిచాడు. పల్లం గీతకన్నా ఎత్తున తేలింది. పటమూ కొలతా ఒకటైపోయాయి.

“అన్నా, రెండుసార్లు వద్దన్నావు. ఇప్పుడెలా మంచిదైంది? నా పిల్లల్ని ఇక్కడ పడుకోబెట్టుకోవచ్చా? నువ్వు చెబితే నమ్ముతాను,” అంది తిరిగొచ్చిన ముళ్ళపంది.

“అప్పుడు వెదురు వంకర, చెల్లెమ్మా,” అన్నాడు ఉడుము. ఆమె మొహం చూడలేదు.

శ్రావణంలో వాన పట్టుకుంది. పట్టపగలే ఏరు పొంగి పల్లంలోకి వచ్చేసింది. ముళ్ళపంది ఒక కూనని నోట కరుచుకుని గుట్టెక్కింది. అక్కడ దించి రెండోదాని కోసం పరుగెత్తింది. పల్లం లేదు. నీళ్ళున్నాయి. ఎంత పిలిచినా నీళ్ళే ఉన్నాయి. అయ్యో, ఆ పిలుపు బొరియలో కూర్చున్న ఉడుము కూడా విన్నాడు.

వరద తీశాక ఎలుగుబంటి తీర్పు చెప్పాడు. “పటంలో పల్లం క్షేమం. కొలతలోనూ క్షేమం. కాబట్టి వచ్చింది వరదే కాదు. కూనని వదిలెళ్ళడం తల్లి తప్పు.”

అప్పటికే పల్లంలో చోటిమ్మని ఒక ముంగిస తన పిల్లలతో వచ్చి నిలబడి ఉంది. ఎలుగుబంటి గబగబా నేరేడు దగ్గరికి వెళ్ళాడు. మాను మీద తడి బురద గీత పడింది, సరిగ్గా పాత గీత ఉన్నచోటే. వీపు తిప్పబోయి ఆగిపోయాడు. చెట్టు మొదట్లో ముళ్ళపంది నిలబడి ఉంది, ఒంటిమీది ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని.

“రండి దొరా, రుద్దుకోండి,” అంది.

ఎలుగుబంటి వెనక్కి తగ్గాడు. ఉడుము ముందుకొచ్చాడు.

“చెల్లెమ్మా...”

“నన్నలా పిలవకు. నాకు చెప్పనిది ఆ ముంగిసకి చెప్పు.”

“పల్లం మునుగుతుంది,” అన్నాడు ఉడుము.

ముంగిస పిల్లల్ని తీసుకుని గుట్ట వైపు నడిచింది. ముళ్ళపంది చెట్టు దగ్గరనుంచి కదల్లేదు. ఆ చిన్న మాట కోసం ఆమె బిడ్డ పోవాల్సి వచ్చింది.

నీతి: గీత చెరిపినంత మాత్రాన వరద తగ్గదు. నిజం తెలిసి కూడా తలూపినవాడు, చెరిపినవాడితో సమానంగా దోషి.