ఎండెక్కాక మంచువాలు

అనగనగా ఆకాశానికి కాస్త కిందగా, మంచుకొండల నడుమ ఒక లోయ. ఆ లోయలో భద్రమ్మ అనే జడలబర్రె ఉండేది. ఏటా వసంతం రాగానే గొర్రెల మందను అవతలి పచ్చికకు దాటించే పని ఆమెదే. ఆ పని తలుచుకుంటేనే ఆమెకు తలనొప్పి వచ్చేది.

ఎందుకంటారా? లోయకీ పచ్చికకీ మధ్య పెద్ద మంచువాలు ఉంది. రాత్రి చలికి అది రాయిలా గడ్డకడుతుంది. తెల్లవారుజామున నడిస్తే డెక్క కూడా దిగదు. ఎండ తగిలిందా, పైమంచు కరిగి నీళ్లు లోపలికి ఇంకుతాయి. పట్టు సడలుతుంది. ఎప్పుడు జారి మీద పడుతుందో ఎవరికీ తెలియదు. అందుకే ఎండ రాకముందే దాటాలి. అదీ బరువంతా ఒక్కసారే పడకుండా, ఒకరు వాలుకు అవతల ఉన్న బండ చేరాకే ఇంకొకరు అడుగు వెయ్యాలి. ఇంత చిన్న మాట గొర్రెల బుర్రకెక్కితేనా?

ఆ ఏడు చుక్కమ్మ అనే గొర్రె అప్పుడే ఈనింది. లోయలో మేత అయిపోయింది. తల్లికి పాలు తగ్గిపోతున్నాయి. పిల్ల పొదుగు కుమ్మి కుమ్మి ఏడుస్తోంది. త్వరగా పచ్చిక చేరకపోతే ఆ పిల్ల దక్కదు.

మొదటి రోజు చీకటి ఉండగానే భద్రమ్మ అందరినీ లేపింది.

"అబ్బ, ఒళ్లు గడ్డకట్టుకుపోతోంది అత్తా! కాస్త ఎండ రానీ" అన్నాయి గొర్రెలు.

ఎండ రాకముందే పోదామంటే, ఎండ రానిమ్మంటాయి! ఎండ రానే వచ్చింది. ప్రయాణం ఆగిపోయింది.

రెండో రోజు ఎలాగో వాలు అంచుదాకా వచ్చాయి. కానీ ఒంటరిగా అడుగు వెయ్యడం గొర్రెల ఇంటా వంటా లేదు. "నువ్వొస్తే నేనొస్తా" అంటే "నువ్వొస్తే నేనొస్తా" అనుకుంటూ నిలబడ్డాయి. ఈ మర్యాదలు ముగిసేసరికి పొద్దెక్కింది.

"మీతో వేగలేక చస్తున్నానర్రా!" అంటూ భద్రమ్మ మందను వెనక్కి తోలింది.

మూడో రోజు మందకు పెద్ద అయిన గంగులు పొట్టేలు ఉపన్యాసం మొదలెట్టాడు. మనమంతా ఒకటే అన్నాడు. కలిసే దాటుదామన్నాడు. తాతల కాలం నుంచి ఎత్తుకున్నాడు. ముగించేసరికి వాలంతా ఎండ పరుచుకుంది.

"అయిందా? ఇక పదండి వెనక్కి" అంది భద్రమ్మ, పళ్లు నూరుతూ.

"రెండ్రోజులుగా చూస్తున్నాం అత్తా. ఇదే ఎండ, ఇదే మంచు. కదిలిందా? మెదిలిందా? అక్కడ పసిది ఆకలికి చస్తుంటే నువ్వు ఊరికే బెదరగొడుతున్నావు" అన్నాడు గంగులు.

చుక్కమ్మ భద్రమ్మ వైపు చూసింది. "అత్తా, రేపటిదాకా నా పిల్ల ఉంటుందా?"

"తెలీదే తల్లీ. ఇప్పుడు వెళ్తే మాత్రం నువ్వూ ఉండవేమోనని నా భయం. ఈ ఒక్కరోజూ ఆగు" అంది భద్రమ్మ. అలా అనడానికి ఆమె గుండె తరుక్కుపోయింది.

చుక్కమ్మ ఏడుస్తూనే పిల్లను ఒడిలోకి పొదువుకుని కూర్చుంది. గంగులు మాత్రం "నా వెనకే రండి!" అని మంచులోకి దూకాడు. అంతే, మందంతా ఎగబడింది. భద్రమ్మ దారికి అడ్డంగా నిలబడింది. గొర్రెలు తోశాయి, ఆమె కాళ్ల మధ్య దూరబోయాయి. "ఒక్కరు కదిలినా కుమ్మేస్తాను!" అని ఆమె గట్టిగా అరిచింది.

గంగులు మోకాళ్లదాకా దిగబడుతున్నాడు. పైనుంచి చిన్న చిన్న మంచు ఉండలు దొర్లుతున్నాయి.

"గంగులూ, వెనక్కి రారా!"

అతను తిరిగి చూడలేదు. ఇంతలో దభేలుమని చప్పుడైంది. వాలంతా ఒక్కసారిగా కిందికి జారింది.

గంగులు మునిగిన చోటు నుంచి భద్రమ్మ చూపు తిప్పలేదు. పైన జారడానికి ఇంకేమీ మిగల్లేదని చూసుకున్నాక పరుగెత్తింది. కొమ్ములతో, కాళ్లతో తవ్వింది. ఒక కొమ్ము విరిగి, కాలు బెణికి గంగులు బయటపడ్డాడు.

కళ్లు తెరుస్తూనే "నా వెనక వచ్చినవాళ్లేరీ? చుక్కమ్మ ఏదీ? పిల్ల ఏదీ? తవ్వండి, తవ్వండి!" అని వణికిపోయాడు.

మూడు రోజుల తిట్లు భద్రమ్మ గొంతుదాకా వచ్చి ఉన్నాయి. ఆ మాటతో అవన్నీ ఆగిపోయాయి.

"ఎవరూ రాలేదురా. నేను రానివ్వలేదు" అంది.

గంగులు మంచులో మొహం పెట్టి భోరుమన్నాడు.

మర్నాడు భద్రమ్మ లేపకముందే మంద లేచి నిలబడింది. చలి అన్నవాళ్లు లేరు. జారిన మంచు రాత్రికి గట్టిపడింది. ఒక్కొక్కరే దాటారు. అందరూ అవతలికి చేరాక చుక్కమ్మ ఆబగా మేసింది. సాయంత్రానికి పిల్ల మూతి చుట్టూ పాల నురగ.

ఆ తెల్లవారుజామున దాటేటప్పుడు, అందరికంటే చివర గంగులు కుంటుతూ బయలుదేరాడు. పాపం ఒంటరిగా వస్తున్నాడని మందంతా ఎదురెళ్లబోయింది.

"ఆగండర్రా! ఒక్కొక్కరే అని ఎన్నిసార్లు చెప్పను!" అని అరిచింది భద్రమ్మ.

ఈసారి అన్నీ ఆగాయి. అతను బండ చేరేదాకా ఏ గొర్రే గడ్డి ముట్టలేదు.

నీతి: నిన్న ముప్పు రాలేదని ఇవాళ తెగించకూడదు. మనల్ని నమ్మి వెనక నడిచేవాళ్లు ఉన్నప్పుడు అసలే కూడదు.