పైక్ దొర శిష్యులు

గుమ్మలపాడులో బంగారయ్య, గవరయ్య, సన్యాసయ్య అని ముగ్గురు అన్నదమ్ములుండేవారు. ముగ్గురి బుర్రలూ కలిపి పిండినా చెంచాడు తెలివి రాదు. కానీ ఊరు మొత్తానికి తెలివైనవాళ్ళం మేమేనని వాళ్ళ నమ్మకం. ఎందుకంటే లండన్ డిటెక్టివ్ పైక్ దొర బొమ్మల పుస్తకాలు, పాతకాలంవి, తెలుగులోవి, వాళ్ళింటి అటక నిండా ఉన్నాయి. పొడుగు కోటు, నోట్లో పైపు, చేతిలో భూతద్దం. దొర ఓ చూపు చూస్తే చాలు, హంతకులు గడగడ వణికేవారు.

ఒకరోజు పక్కింటి నూకాలమ్మ లబోదిబోమంటూ వచ్చింది. "నా గేదెని ఎవడో తోలుకుపోయాడు నాయనా! దాని పాలమీదే కదా నేను బతికేది!"

"ఏడవకు పిన్నీ, మేమున్నాం," అన్నాడు బంగారయ్య. అసలు ఏడవాల్సింది అప్పుడేనని పాపం ఆవిడకి తెలీదు.

పుస్తకం తెరిచారు. "పైక్ దొర దొంగ అడుగుజాడలు పట్టుకుని బయల్దేరాడు" అని ఉంది. అంతే! గునపం, గంప తెచ్చారు. పాక ముందు నుంచి వీధి మలుపు దాకా గేదె గిట్టల గుర్తులన్నీ మట్టితో సహా పెకలించి గంపకెత్తారు.

"అయ్యో, అది ఎటు పోయిందో ఇప్పుడెలా తెలుస్తుందిరా?"

"జాడలు మా గంపలో భద్రంగా ఉన్నాయి పిన్నీ. ఎటూ పోవు," అన్నాడు సన్యాసయ్య.

పశువుల బేరగాడు చంద్రయ్య మీద అనుమానంగా ఉందని ఆవిడే చెప్పింది. "అనుమానం ఉన్నవాణ్ణి నీడలా వెంటాడాలి" అంది పుస్తకం. ఇంకేముంది, గవరయ్య చంద్రయ్య వెనకాలే నేలమీద బోర్లా పడి పాకాడు. చొక్కా చిరిగింది, మోకాళ్ళు చెక్కుకుపోయాయి. చంద్రయ్య ఓ రేకుల షెడ్డులోకి దూరాడు. లోపల గేదె అరిచింది. గవరయ్య లేచి దులుపుకుని ఇంటికొచ్చేశాడు.

"లోపలికెందుకు వెళ్ళలేదురా?"

"షెడ్డులో ఎండ లేదన్నయ్యా. ఎండ లేనిచోట నీడెలా ఉంటుంది?"

"అదీ బుర్రంటే!" అని మెచ్చుకున్నాడు అన్న.

ముగ్గురూ షెడ్డుకి పరుగెత్తారు. చంద్రయ్య గేదెని లారీ ఎక్కించలేక తంటాలు పడుతున్నాడు. వీళ్ళని చూసి కొయ్యబారిపోయాడు. బంగారయ్య పుస్తకం తీశాడు. "దొంగని రెడ్ హ్యాండెడ్‌గా పట్టుకోవాలి." రెడ్ అంటే ఎరుపు, హ్యాండ్ అంటే చెయ్యి. ఆమాత్రం ఇంగ్లీషు వాళ్ళకీ వచ్చు.

"ఏదీ, చేతులు చూపించు!"

చూపించాడు. పేడ తప్ప ఎరుపు లేదు. "క్షమించు బాబూ, నువ్వు కాదు," అని, అనుమానించినందుకు నొచ్చుకుని, తలో చెయ్యీ వేసి వాళ్ళే గేదెని లారీ ఎక్కించారు.

తిరిగొచ్చేసరికి నూకాలమ్మ వాళ్ళు తవ్విన గుంటల్ని ఎర్రమట్టితో పూడ్చుకుంటోంది. "దొంగ దొరికింది!" అని మీదపడ్డారు. ఆవిడ జరిగిందంతా రాబట్టి ముగ్గురి చెంపలూ వాయించి పోలీసుల దగ్గరికి పరుగెత్తింది.

బంగారయ్య చెంప తుడుచుకున్నాడు. ఆ మట్టి అంటి చెయ్యి ఎర్రబడింది.

"అన్నయ్యా, నువ్వా!" అని తమ్ముళ్ళు ఆ చెయ్యి పట్టుకున్నారు. వాళ్ళవీ ఎర్రబడ్డాయి. ముగ్గురూ గొల్లుమన్నారు.

పోలీసులు లారీని ఆపారు. సాయంత్రానికి గేదె పాకకి, చంద్రయ్య కటకటాల వెనక్కి చేరారు. చూస్తే స్టేషన్లో ముగ్గురన్నదమ్ములూ ఒకరి చేతులొకరు తాడుతో కట్టుకుని కూర్చున్నారు.

"ఇంటికి పొండిరా!" అని అరిచాడు ఎస్సై.

"భలేవారే! మేం పారిపోతే మళ్ళీ పట్టుకోవాల్సింది మేమే కదండీ," అన్నాడు బంగారయ్య.