ఉమ్మెత్తకాయ ఒంటికి ముళ్లు

ఒకప్పుడు ఉమ్మెత్తకాయకు ముళ్లు లేవు. గుండ్రంగా, పచ్చగా, నున్నగా ఉండేది. దానికీ పచ్చ వంకాయకూ తేడా కళ్లు బాగున్నవాళ్లకే తెలిసేది.

హంద్రీ నది ఒడ్డున ఉండే సుంకులవ్వకు చూపు ఆనదు. పెరట్లో వంకాయలను వేళ్లతో తడిమి కోసేది. నున్నగా, చల్లగా తగిలితే వంకాయే. పక్క గట్టు మీద ఒక ఉమ్మెత్త మొక్క ఉండేది. దాని ఆకును వాసనతో పట్టి తెంపేది. ఆముదం రాసి, వెచ్చచేసి, మోకాలి వాపు మీద కట్టుకునేది. ఆ కట్టు ఉంటేనే అవ్వ నాలుగడుగులు వేయగలిగేది.

ఒకరోజు వంకాయలతోపాటు ఒక ఉమ్మెత్తకాయ కూడా అవ్వ ఒడిలో పడింది. కోడలు మద్దమ్మ కత్తిపీట మీద దాన్ని కోసింది. లోపలి గింజలు చూసి, తరిగిన ముక్కలన్నీ పారబోసింది.

అత్తను వెంటబెట్టుకుని గట్టు దగ్గరికి వచ్చింది. ఆ కాయ తింటే మతి పోతుందని, ప్రాణం కూడా పోవచ్చని చెప్పింది. రేపు పార తెచ్చి మొక్కను పెకలిస్తానంది. ఆకు లేకపోతే మంచం దిగలేనని అవ్వ బతిమాలింది.

"నీ మోకాలు ముఖ్యమా, ఇంటిల్లిపాది ప్రాణాలు ముఖ్యమా అత్తా?"

అవ్వ ఆ రాత్రి కట్టుకు ఆకు తెంపుకుని ఇంటిదారి పట్టింది.

ఉమ్మెత్త అంతా విన్నది. కింద నేల మీద పాకుతున్న పల్లేరును కాసిని ముళ్లు ఇమ్మని అడిగింది.

పల్లేరు నవ్వింది. "ముళ్లుంటే తిట్లు తప్పవు మరదలా. నన్ను తొక్కినవాళ్లెవరూ దీవించి పోలేదు."

"తిట్టనీ వదినా. అవ్వ చెయ్యి వెనక్కి పోతే చాలు."

పల్లేరు ముళ్లు విసిరింది. అవి కాయ నిండా నాటుకున్నాయి. రెండు మూడు గురి తప్పి వంకాయ తొడిమకు తగిలాయి. తననెందుకు పొడిచావని వంకాయ గొణిగింది. పక్కింట్లో ఉన్నందుకు అంది పల్లేరు.

మరునాడు మద్దమ్మ పారతో వచ్చింది. వెంట వచ్చిన అవ్వ ఆకుల కింద తడిమి, చటుక్కున చెయ్యి తీసేసింది. వేలు దులుపుకుంది.

"ఇది వంకాయ కాదే మద్దీ. తనే చెబుతోంది."

మద్దమ్మ కూడా కాయను తాకి చూసింది. పార పక్కన పెట్టింది. తనే రెండు ఆకులు తెంపి అత్త చేతిలో పెట్టింది.

అప్పటినుంచే ఉమ్మెత్తకాయకు ఒళ్లంతా ముళ్లు. వంకాయ తొడిమ పట్టుకునేటప్పుడు కూడా కాస్త చూసుకోండి. గురి తప్పినవి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.