ఉడికించిన మట్టి

పారిజాతకు తల ప్రాణం తోకకొచ్చింది. ల్యాబ్‌లో ఎంతో ముచ్చటపడి పెంచిన కండరం ముక్కను ఎలుకకు అతికించడం ఆలస్యం, ఎలుక ఒంట్లోని తెల్లకణాలు పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చి దాని మీద పడేవి. రోగాలతో పోట్లాడుకోక నా ముక్కతో వీటికేం పని అని ఆమె మంట. మందు పెట్టి వాటినన్నిటినీ ఊడ్చేసింది. ముక్క అద్దంలా ఉంది గానీ, రక్తనాళం ఒక్కటీ లోపలికి రాలేదు. నెత్తురందక నడిమధ్య చచ్చిపోయింది. మందు పెంచింది. మళ్లీ అదే తంతు.

ఇక మిగిలింది ఒక్క ముక్క. అదీ పోతే ఫెలోషిప్ ఆగిపోతుంది, ఇన్నేళ్ల చదువు గంగలో కలుస్తుంది.

గురువు భానోజీరావుగారు ఊరినుంచి రాగానే, మందు ఇంకెంత పెంచాలో అడుగుదామని గదికి పరుగెత్తింది. ఆయన కిటికీలో తన మరువం కుండీ ముందు నిలబడి ఉన్నారు. మొక్క వాడి వేలాడుతోంది. దాన్ని ఆమెకే అప్పగించి వెళ్లారు మరి.

"నీళ్లు పోశావా?"

రోజూ పోశానంది పారిజాత. మట్టిలో వానపాములు చూసి ఒళ్లు జలదరించిందనీ, మొక్కను పీకి, ల్యాబ్ సామాను ఆవిరి పట్టే ఆటోక్లేవ్‌లో మట్టిని పెట్టి, శుభ్రం చేసి మళ్లీ నాటాననీ కాస్త గొప్పగానే చెప్పింది.

ఆయన కళ్లు మూసుకున్నారు. "మట్టిని ఉడకబెట్టావా తల్లీ!"

చెంబెడు నీళ్లు కుండీలో పోశారు. గట్టిపడ్డ మట్టిలోకి చుక్క దిగలేదు. అంచు దాటి ఆమె చెప్పుల మీద కారాయి. నా బతుకు తగలడుతుంటే ఈయనకు మరువం గొడవేమిటని ఆమెకు ఒళ్లు మండింది. మందు సంగతి ఎత్తబోయింది. ఆయన వినిపించుకోకుండా కిందికి దిగి, తోటలోంచి వానపాములున్న మట్టి గుప్పెడు తెచ్చి కుండీలో వేసి, దాన్ని ఆమె చేతిలో పెట్టారు.

"నీళ్లు దిగినప్పుడు రా."

విసుక్కుంటూనే కుండీని తన బల్ల మీద పెట్టుకుంది. రోజూ నీళ్లు పోయడం, రోజూ బల్ల తుడుచుకోవడం. కొన్నాళ్లకు ఒకరోజు పోసిన నీళ్లు బుడగలు వేస్తూ లోపలికి ఇంకిపోయాయి. పారిజాత వంగి చూసింది. మట్టి నిండా వానపాములు తొలిచిన సన్నటి బెజ్జాలు. ఎలుకలో తను ఊడ్చేసిన తెల్లకణాలు గుర్తొచ్చాయి.

తర్వాత వెళ్లి మందు సీసాను ఫ్రిజ్‌లో పెట్టేసి, ఆఖరి ముక్కను అతికించింది. తెల్లకణాలు ఎప్పటిలాగే గుంపుగా వచ్చాయి. చేతులు కట్టుకుని కూర్చుంది.

చివరికి మైక్రోస్కోప్‌లో చూస్తే, తెల్లకణాల వెనకాలే, ముక్క నడిమధ్య దాకా, ఎర్రటి నూలుపోగుల్లా నాళాలు.

కుండీ ఎత్తుకుని గురువుగారి గదికి వెళ్లింది. దాన్ని ఆయన బల్ల మీద పెట్టింది. కళ్లు నిండాయి. ఆయన ఆమె ముఖం చూశారు, చిగుళ్లేసిన మరువం చూశారు.

"సరే. ఇంకెప్పుడూ నా మట్టి ఉడకబెట్టకు," అన్నారు.