నలుపు రక్షణ సంఘం వారి పిడుదుల విచారణ

నా నోట్లో మిగిలిన రెండు పళ్ళ మీద ఒట్టు. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో ఒక్క ముక్క అబద్ధమున్నా ఆ రెండూ ఈ క్షణమే రాలి నీ ఒళ్ళో పడాలి. పడలేదుగా? అయితే విను.

కొమ్ములపాలెం కాలవ చివర ఒక బురదమడుగు ఉండేది. ఎంత పెద్దదంటే, ఈ ఒడ్డున దిగిన గేదె ఆ ఒడ్డుకు చేరేసరికి రెండుసార్లు ఈనేది. అందులో నాలుగువేల గేదెలు. సరే, నాలుగొందలు. మొహం అలా పెట్టకు, నలభై. నలభైకి ఒక్కటి తగ్గినా నేనొప్పుకోను.

వాటికి పెద్ద, ఉద్దండయ్య అనే దున్నపోతు. పొద్దు ఆయన కుడికొమ్ము మీద పొడిచి ఎడమకొమ్ము మీద కుంకేది. ఆయనకి కొంగలంటే గిట్టదు. ఎందుకంటావా? ఒకసారి కాలవగట్టున జారి, నాలుగు కాళ్ళూ ఆకాశానికెత్తి పడితే ఓ కొంగ చూసింది. నవ్వలేదు పాపం, ఊరికే చూసింది. అది చాలదూ?

మర్నాడే నలుపు రక్షణ సంఘం పెట్టాడు.

"తెల్లది మన మీద వాలిందా, మన నలుపు వెలిసిపోతుంది!" అని రంకె వేశాడు. "ముత్తాతల నాటి నలుపు! రోజూ పొద్దున్నే 'కొంగజాతి నశించాలి' అని ముమ్మారు అరవాలి. కొంగని వీపెక్కనిచ్చినవాళ్ళు శీలం చెడినవాళ్ళు. వాళ్ళకి ఈ మడుగులో చోటు లేదు."

దున్నపోతు ఈనిందంటే దూడని కట్టేయమనే మంద కదా, అందరూ "అవునవును" అన్నారు. గేదెపాలు ఏ రంగులో ఉంటాయన్న సంగతి సభలో ఎవరూ ఎత్తకూడదని కూడా ఆ రోజే తీర్మానించుకున్నారు.

కొంగలు కాలవ అవతలి గట్టుకు వెళ్ళిపోయాయి. పిడుదులు మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. ఒంటిని కరుచుకుని నెత్తురు తాగే పురుగులకి సంఘమేమిటి, తీర్మానమేమిటి? ఏరి తినే కొంగ లేకపోయేసరికి, నెల తిరక్కుండా ఒక్కోటీ నేరేడుపండంత అయింది. ఉద్దండయ్య ఎడమచెవిలో మూడు తరాల పిడుదులు కాపురమున్నాయి. పెళ్ళిళ్ళూ పేరంటాలూ అన్నీ అక్కడే. నలభై గేదెలూ గోక్కుని గోక్కుని గట్టు మీది తాటిచెట్టుని చేతికర్రంత చేసి పెట్టాయి. అయినా ఎవరూ పైకి అనరు. దురద అంటే ద్రోహం కింద లెక్క.

ఆ మందలో నల్లపూస అని ఒక చూడిగేదె ఉండేది. దాని ఒళ్ళు మాత్రం నూనె రాసిన రుబ్బురోలులా నిగనిగలాడుతుండేది. అది చూసి వంకరకొమ్ముల సూరమ్మకి కళ్ళలో కారం పడింది.

రోహిణి కార్తెలో ఓ ఉదయం సూరమ్మ మడుగు మధ్యకొచ్చి గగ్గోలు పెట్టింది.

"పెద్దయ్యా! సంఘం పరువు గంగలో కలిసింది! నా రెండు కళ్ళతో చూశాను. తుమ్మపొద చాటున, పట్టపగలు, తెల్లకొంగ ఈ నల్లపూస వీపు మీద!"

వెంటనే విచారణ వేశారు. ఫిర్యాది సూరమ్మ, సాక్షి సూరమ్మ, విచారణ చేసేవాళ్ళలో ఉద్దండయ్య పక్కన కూర్చున్నదీ సూరమ్మే. ముగ్గురి పని ఒక్కతే చేస్తోందని అందరూ మెచ్చుకున్నారు.

"వీపు మీదేనా?" అని ఉద్దండయ్య ముందుకు జరిగాడు.

"వీపు మీంచి మెడ మీదికి."

"శివశివా! మెడ మీంచి?"

"చెవి దగ్గరికి! చెవిలో ముక్కు పెట్టింది పెద్దయ్యా!"

"హవ్వ!" అంది మడుగంతా.

"మరి ఇదేం చేసింది?"

"కళ్ళు మూసుకుంది. తోకైనా ఆడించలేదు. 'హమ్మయ్య' అని కూడా అంది."

ఉద్దండయ్య గుటక మింగాడు. "నాకు సరిగ్గా వినపడలేదు. చెవి దగ్గర్నుంచి మళ్ళీ చెప్పు. నెమ్మదిగా."

ఏడుసార్లు చెప్పించుకున్నాడు. ఏడోసారికి నలభై గేదెలూ ఊపిరి బిగబట్టి, ఎవరి చెవిని వాళ్ళు ఆడించుకుంటూ విన్నాయి.

"అయితే వదినా, ఆ పొద చాటుకి నువ్వెందుకొచ్చినట్టు?" అంది నల్లపూస.

"నేనా? నేను... నీతి కాపాడ్డానికి!" అని సూరమ్మ మాట తిప్పింది. "అయినా సాక్ష్యమెందుకు పెద్దయ్యా? దాని ఒళ్ళు చూడండి. ఒక్క పిడుదు లేదు! నియమం తప్పని ఇల్లాలి ఒళ్ళెలా ఉండాలి? ఇదిగో, నాలా ఉండాలి!" అంటూ చిక్కుడుకాయల్లా వేలాడుతున్న తన పిడుదుల్ని సభకి చూపించింది.

ఉద్దండయ్యకి అది దివ్యంగా తోచింది. "భేష్! పిడుదే మన శీలానికి కొలత. ఇది ఇవాళ్టినుంచి సంఘం శాసనం. ఒంటి మీద పిడుదు లేనివాళ్ళు పొద్దుకుంకేలోగా మడుగు విడిచిపోవాలి."

నల్లపూస గట్టు వైపు చూసింది. రోళ్ళు పగిలే ఎండ. కడుపులో ఎనిమిదో నెల. ఆ ఎండలో మడుగు లేని గేదె మధ్యాహ్నానికి నాలుక బయటపెట్టి కూలిపోతుంది. తనతోపాటు కడుపులో దూడా పోతుంది. ఏడిస్తే లాభం లేదని గ్రహించి, బుర్రకి పదును పెట్టింది.

"పెద్దయ్య మాట శిరోధార్యం. కానీ నా ఒంటి మీద పిడుదు లేదని ఎవరు చూశారు? చెవి వెనక ఉండొచ్చు, తోక కింద ఉండొచ్చు. తీర్పు చెప్పేశాక ఒక్కటి దొరికితే పెద్దయ్య పరువేం కాను?"

నిజమే అనిపించింది ఉద్దండయ్యకి. తనే వెతుకుతానని మూతి దగ్గరికి తెచ్చాడు. దున్నపోతు కళ్ళు రెండూ రెండు పక్కలకుంటాయి కదా, ఎడంపక్క పొలాలు కనపడ్డాయి, కుడిపక్క ఊరు కనపడింది, ముక్కు ముందున్న చెవి తప్ప లోకమంతా కనపడింది. పైగా తుమ్మొచ్చింది. ఆ తుమ్ముకి పక్క ఊళ్ళో మూడు పెంకుటిళ్ళు ఎగిరిపోయాయి.

"చూపు కాదు పెద్దయ్యా, పనితనం కావాలి," అంది నల్లపూస వినయంగా. "పిడుదు ఆనవాలు తెలిసినవాళ్ళు లోకంలో ఒక్కరే. కాలవ అవతల ఉన్నారు."

"కొంగలా! శత్రువుని పిలవమంటావా?"

"పిలవడమెందుకు? హాజరుకమ్మని ఆజ్ఞ పంపించండి. వాళ్ళతో స్నేహం చేయకూడదని నియమముంది గానీ, వాళ్ళచేత చాకిరీ చేయించుకోకూడదని ఎక్కడుంది?"

ఆజ్ఞ అన్న మాట వినగానే ఉద్దండయ్య ఛాతీ బారెడు పొంగింది. అలా పంపిన ఆజ్ఞకి ముత్తేలమ్మ అనే ముసలికొంగ వచ్చి గట్టు మీద ఒంటికాలి మీద నిలబడింది.

"ఏం బావగారూ, తిట్లు మా గట్టుకే బాగా వినిపిస్తున్నాయిగా. దగ్గరికి పిలిపించుకుని తిట్టాలనిపించిందా?"

"ఎవరే నీకు బావ!" అని ఉద్దండయ్య బుస కొట్టాడు. "ఈ నల్లపూస ఒంటి మీద పిడుదు ఉందో లేదో తేల్చి చెప్పి పో."

ముత్తేలమ్మ నల్లపూస వైపు చూసింది. నల్లపూస ఒక కన్ను మూసి తెరిచింది. ముసలిదానికి సంగతి అర్థమైపోయింది.

"తేలుస్తాను. కానీ మంచి బియ్యం పక్కన పెట్టి చూస్తేనేగా నూకలు తెలిసేది? శీలంలో వంక పెట్టలేని ఒళ్ళు ఒకటి నమూనాకి కావాలి. అలాంటివాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా?"

"ఎవరైనా ఏమిటి! నేనున్నాను!" అన్నాడు ఉద్దండయ్య.

అనడమే తడవు, ముత్తేలమ్మ ఎగిరి ఆయన మెడ మీద వాలింది. ఎడమచెవిలో ముక్కు పెట్టి, మూడు తరాల కాపురంలో పెద్దమనిషిని పట్టి ఒక్క లాగు లాగింది.

ఉద్దండయ్య కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి. నాలుగు కాళ్ళూ బురదలో మెత్తబడ్డాయి. "హమ్మయ్య" అన్నాడు. ఆ అనడం మూడు కోసుల దూరం వినిపించింది.

"చాలా బావగారూ?"

"ఊఁ... కొంచెం కిందికి... విచారణ నిమిత్తమే సుమా... ఇంకాస్త లోపలికి, ముత్తేలమ్మగారూ..."

ఇది చూసి సూరమ్మ ఊరుకుంటుందా? "ఇదేం న్యాయం! ఆయనొక్కడేనా శీలవంతుడు? నేనూ నమూనానే! నా తోక కింద చూసి చెప్పమనండి!"

"నా శీలంలో మాత్రం ఏం లోటు?" అని ఇంకో గేదె. "నా వీపు! నా వీపు!" అని ముప్ఫైఏడు గొంతులు. అవతలి గట్టు నుంచి కొంగల గుంపు దిగింది. ఒక్కో గేదె మీద పదేసి. దూరాన్నుంచి చూసినవాళ్ళు మడుగులో మల్లెతోట పూసిందనుకుని బుట్టలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారట. ఒట్టు!

పొద్దుగుంకే వేళకి కొంగలు కడుపులు బరువెక్కి ఎగరలేక, నడిచి గట్టెక్కాయి. ముత్తేలమ్మ గొంతు సవరించుకుంది.

"విచారణ పూర్తయింది. నల్లపూస ఒంటి మీద పిడుదు ఒక్కటీ లేదు."

"చెప్పానా!" అని సూరమ్మ ఎగిరింది.

"నీ ఒంటి మీదా లేదు. అధ్యక్షుల వారి ఒంటి మీదా లేదు. నలభై ఒళ్ళూ అద్దాల్లా ఉన్నాయి."

నలభై గేదెలూ మెడలు తిప్పి ఎవరి ఒళ్ళు వాళ్ళు చూసుకున్నాయి.

"పెద్దయ్యా," అంది నల్లపూస మెల్లగా, "ఒంటి మీద పిడుదు లేనివాళ్ళు పొద్దుకుంకేలోగా మడుగు విడిచిపోవాలని తమరే శాసించారు. తమరు ముందు నడిస్తే, వెనక మేమంతా వస్తాం."

ఉద్దండయ్య గట్టు వైపు చూశాడు. పొద్దు వాలుతున్నా నేల ఇంకా పెనంలా సెగలు కక్కుతోంది. చల్లటి బురదలో ఒకసారి ఒత్తిగిల్లాడు. చెవి ఆడించి చూసుకున్నాడు. ఏనాడూ లేనంత తేలిగ్గా ఆడింది.

దగ్గాడు. మళ్ళీ దగ్గాడు.

"ఇది చాలా చిక్కు వ్యవహారం," అన్నాడు గంభీరంగా. "తొందరపడి తీర్పు చెప్పకూడదు. అంతదాకా ఎవరూ మడుగు దాటనక్కర్లేదు. విచారణ రేపటికి వాయిదా. కొంగలు... అంటే, ఆ దుర్మార్గులు... తెల్లారేసరికి తప్పకుండా హాజరుకావాలి. నమూనా కింద నా కుడిచెవి ఇంకా మిగిలుంది."

నల్లపూస ఆ మడుగులోనే ఈనింది. ఏనుగుపిల్లంత దూడ. సంఘం ఇప్పటికీ ఉంది, కాదనకు. రోజూ పొద్దున్నే ఉద్దండయ్య "కొంగజాతి..." అని మొదలెడతాడు. ఈలోగా ముత్తేలమ్మ చెవిలో ముక్కు పెడుతుంది. "నశించాలి" అనడం మాత్రం ఇంతవరకూ పడలేదు.

దురద తీర్చే ముక్కు దొరికాక దాని రంగు అడిగే మొనగాడు ఇంకా పుట్టలేదు.

నవ్వింది చాల్లే గానీ, లేచి ఆ కుడితి బకెట్టు తీసుకెళ్ళి మన గేదె ముందు పెట్టిరా. దాని వీపు మీద కొంగ ఉంటే అదిలించకేం.