పక్కకుట్టులో అంగుళం బట్ట

ఆదోనిలో ఓ పాత టైలర్ కొట్టులో ఓబులేశు పద్దెనిమిదేళ్లుగా కటింగ్ మాస్టర్. కొన్నాళ్లుగా అతని బుర్రను ఒకే ప్రశ్న తొలుస్తోంది. ఇంట్లో వేసుకున్న రెండు మిషన్ల మీద నెలకు ఎంత వస్తే ఈ జీతం వదిలెయ్యొచ్చు?

ఆ ప్రశ్న పట్టుకుని ఒక ఆదివారం పొద్దున ఖాసిం సామి దగ్గరికి వెళ్లాడు. కొండ కింద చిన్న దర్గా ఊడ్చుకుంటూ, దూది ఏకి పరుపులు కుట్టి బతికే సూఫీ ఆయన. పదేళ్లుగా ఓబులేశుకు గురువు. వట్టి చేతులతో పోలేక, ఇంట్లో తానే కుట్టిన తెల్లచొక్కా ఒకటి పట్టుకెళ్లాడు.

“సామీ, ఇంటి సంపాదన జీతానికి సమానమైంది. ఇంకొన్నాళ్లు ఆగాలా, ఇప్పుడే బయటపడొచ్చా? మీ నోటితో ఒక మంచిరోజు చెప్తే బోర్డు కట్టేస్తా.”

“నాగేంద్రయ్యకు చెప్పినావా?”

నాగేంద్రయ్య కొట్టు యజమాని. ఓబులేశు చేతికి కత్తెర ఇచ్చింది ఆయనే.

“ఇంకా లేదు సామీ. ఆయనకు గిరాకీ తగ్గింది. ఆ కొట్టు పని బాగలేదని జనం నా దగ్గరికే వస్తున్నారు.” చెబుతుంటే గొంతులో కాస్త గర్వం పలికింది.

“మంచిది.” సామి కొత్త చొక్కాను కళ్లకద్దుకుని గూట్లో పెట్టాడు. ఒంటిమీది పాత చొక్కా విప్పి ఓబులేశు ఒళ్లో వేశాడు. “ఇది పట్టేస్తోందప్పా. నమాజులో వంగితే చిరిగేట్టుంది. పక్కకుట్టు విప్పి కాస్త వదులు చెయ్యి. సూదీ దారం అక్కడే ఉన్నాయి.”

“దర్గాకొచ్చే తీపి మలీదా అంతా మీరే తింటున్నట్టుంది సామీ!”

“నువ్వు తేవడం మానెయ్, నేను తినడం మానేస్తా.”

ఓబులేశు నవ్వుతూనే చొక్కా తిరగేశాడు. కాలర్ లోపల నాగేంద్రయ్య కొట్టు లేబుల్ ఉంది. పోయిన రంజాన్‌కు కొట్టులో తానే కత్తిరించిన చొక్కా. పక్కకుట్టు మీద వేలు పెట్టి ఆగిపోయాడు.

లోపల బట్ట లేదు. దారం పట్టేంత అంచు, అంతే.

మనిషి ఒళ్లు చేస్తే కుట్టు విప్పి వదులు చేయడానికి పక్కల్లో అంగుళం బట్ట వదలాలి. నాగేంద్రయ్య నేర్పిన మొదటి పాఠం అదే. ఇంట్లో కుట్టే ప్రతి చొక్కాకూ ఓబులేశు అంగుళం వదులుతూనే ఉన్నాడు. కొట్టులో మాత్రం, ఇంటికి మిషన్లు వచ్చినప్పటి నుంచి మానేశాడు. బిగుతైన చొక్కాలు పట్టుకుని మనుషులు కొట్టుకు తిరిగొచ్చేవారు. “ఇక్కడ ఇంతేనన్నా, మా ఇంటికి రాండి” అని వాళ్లకు మెట్ల దగ్గర మెల్లగా చెప్పేవాడు. నాగేంద్రయ్యకు చూపు మందగించింది. తప్పు ఎక్కడ జరుగుతోందో తెలియక, “పొరపాటైందప్పా” అని వచ్చినవాళ్ల ముందు ఆయనే తల వంచుకునేవాడు.

“ఏమప్పా, వీలు కాదా?”

“కొత్తది వేసుకోండి సామీ. దాంట్లో బట్ట ఉంది.”

“దీంట్లో లేదా?”

“ఇది... కొట్టులో కుట్టింది సామీ.”

“కొట్టుకు చేతులుంటాయా?”

ఓబులేశు తల ఎత్తలేదు. చొక్కా మీద ఉన్న తన చేతులు తనకే కనిపిస్తుంటే, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సామి భుజాల మీద తువ్వాలు కప్పుకుని గడప మీద కూర్చున్నాడు. గొంతులో కోపం లేదు.

“నువ్వు కొట్టు తెరిచేనాడు నేను దీన్నే వేసుకుని వస్తా. ఎన్నాళ్లకు సరిచేసి ఇస్తావో చెప్పు. అదే మంచిరోజు.”

ఓబులేశు చొక్కా మడిచాడు. లేబుల్ పైకి వచ్చింది. అది లోపలికి పోయేలా మళ్లీ మడవబోయి, మానుకున్నాడు. చొక్కాను అలాగే చంకలో పెట్టుకుని, నాగేంద్రయ్య ఇంటి దారి పట్టాడు.