డెన్మార్కులో సింహాచలం

అనకాపల్లిలో గవర్రాజుకీ, ఆయన భార్య నూకరత్నానికీ ఉన్నంత తెలివి ఇంకెవరికీ లేదు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనరు గనక పాపం వాళ్ళే అనుకునేవారు. పొద్దున కాఫీ తాగుతూ ఆయన ఆవిడ తెలివిని మెచ్చుకునేవాడు, సాయంత్రం పకోడీలు తింటూ ఆవిడ ఆయన తెలివిని మెచ్చుకునేది. ఇంతకీ ఆ తెలివి ఏమిటయ్యా అంటే, చెప్పింది చెప్పినట్టు చెయ్యడం. అందులో వెంట్రుకవాసి తేడా రాదు.

ఇలాంటి దంపతులు ఒక ఎండాకాలం డెన్మార్కు వెళ్ళారు. అక్కడ ఒక చిన్న ఊళ్ళో నూకరత్నం తమ్ముడు పైడిరాజు ఉద్యోగం చేస్తున్నాడు. అతనికి కొడుకు పుట్టాడు. వాళ్ళింటి ఆనవాయితీ ప్రకారం బారసాల నాడు బిడ్డ చెవిలో మేనత్త మూడుసార్లు పేరు చెప్పాలి. చెబితేనే అది పేరు. పెట్టబోయేది రెండేళ్ళ క్రితం పోయిన వాళ్ళ నాన్నగారి పేరు, సింహాచలం. ఆ పేరు మళ్ళీ ఇంట్లో వినబడాలని పైడిరాజు రోజులు లెక్కపెడుతున్నాడు. నూకరత్నానికైతే తలుచుకుంటేనే కళ్ళు నిండిపోయేవి.

బారసాల ఆదివారం. వీళ్ళు దిగింది సోమవారం. మంగళవారం పైడిరాజు ఆఫీసుకి వెళ్తూ, పాలు పొయ్యి మీదున్నాయి, కాస్త చూస్తూ ఉండమన్నాడు. ఇద్దరూ పొయ్యి పక్కనే నిలబడి పాలు పొంగడం, గిన్నె మాడడం, ఇల్లంతా పొగ కమ్మడం, ఫైరింజను రావడం అన్నీ శ్రద్ధగా చూశారు. కన్ను ఆర్పితే ఒట్టు.

ఇంకేముంది, బుధవారం తెల్లారేసరికి పైడిరాజు రెండు సైకిళ్ళూ ఒక టెంటూ తెచ్చి వాకిట్లో పెట్టాడు. ఈ దేశం అందమంతా పల్లెటూళ్ళలోనే ఉంది, నాలుగు రోజులు తిరిగి రమ్మన్నాడు. బాలింత నిద్రపోవాలన్నది అసలు కారణం, అది మనసులోనే ఉంచుకున్నాడు. ఆపైన జాగ్రత్తలు చెప్పాడు. ఇక్కడ సైకిలు తొక్కేవాళ్ళు చెయ్యి చాపితే ఆ వైపుకి తిరగాలి, చెయ్యి పైకెత్తితే ఆగాలి. టెంటు వేశాక గాలికి ఏదీ ఎగరకుండా మేకులు కొట్టుకోవాలి. దిగిన చోటు వచ్చినప్పుడు ఎలా ఉందో వెళ్ళేటప్పుడూ అలాగే ఉంచాలి. ఆపద వస్తేనే ఫోను బయటికి తియ్యాలి. అన్నీ చెప్పి చివరికి అక్క చెయ్యి పట్టుకున్నాడు.

"అప్పా, ఆదివారం పదకొండు మాత్రం దాటకూడదు. పదకొండు కొట్టీసరికి నువ్వు నాన్న పేరు చెవిలో చెప్పీయాలి."

"నా పేనం పోయినా పదకొండు దాటనివ్వను తమ్ముడూ," అంది నూకరత్నం.

బయల్దేరారు. గవర్రాజు ముందు, నూకరత్నం వెనక. రెండువైపులా బార్లీ చేలు, మధ్యలో సన్నటి తారురోడ్డు, దూరంగా గాలిమరలు. గవర్రాజుకి ప్రాణం లేచొచ్చింది. ఆ గాలిమరను చూడవే రత్నం అని ఎడంచెయ్యి చాపి చూపించాడు. అంతే, నూకరత్నం ఎడమవైపు తిరిగి చేలోకి దిగిపోయింది. చెయ్యి చాపింది తనే కదా, గవర్రాజూ దిగాడు. నడుము లోతు బార్లీలో అరమైలు తొక్కాక ఒక రైతు గట్టు మీద నిలబడి, వీళ్ళని చూసి రోడ్డువైపు చెయ్యి చాపాడు. ఆయన అదృష్టం బాగుంది, వీళ్ళు అటే తిరిగారు.

ఆ దేశంలో పల్లెటూరి జనం మర్యాదస్తులు. సైకిలు మీద ఎవరైనా పోతుంటే చెయ్యి పైకెత్తి పలకరిస్తారు. ఎవరు చెయ్యెత్తినా వీళ్ళు బ్రేకు వేసి దిగేవారు. చెయ్యెత్తినవాళ్ళు, ఏదో అడగడానికి ఆగారు కాబోలనుకుని నిలబడేవారు. వాళ్ళు నిలబడ్డారని వీళ్ళు నిలబడేవారు. ఒక ముసలావిడ గేటు దగ్గర ముప్పావుగంట నిలబడి, కాళ్ళు లాగి లోపలికి వెళ్ళిపోయింది. మొదటి రోజంతా తొక్కితే ఏడు మైళ్ళు సాగింది. ఇంత గౌరవం అనకాపల్లిలో కూడా దొరకలేదని గవర్రాజు మురిసిపోయాడు.

సాయంత్రం ఒక చెరకు గడంత జెండాకర్ర ఉన్న క్యాంపింగు మైదానంలో టెంటు వేశారు. గాలి బాగానే ఉంది. గవర్రాజు అలిసిపోయి గడ్డిమీదే వాలాడు. నూకరత్నం టెంటుకి మేకులు కొట్టింది. ఇంకా మేకులు మిగిలాయి. ఏదీ ఎగరకూడదన్నాడు తమ్ముడు. అందుకని తువ్వాలుకి కొట్టింది, చెప్పులకి కొట్టింది, అప్పడాల సంచికి కొట్టింది. ఆఖరున మొగుడి పంచె నాలుగు మూలలా నాలుగు మేకులు దిగ్గొట్టి, ఇక ఈయన ఎక్కడికీ ఎగరడని నిశ్చింతగా పడుకుంది. తెల్లారి గవర్రాజు లేచాడు. పంచె లేవలేదు. సగం పంచె డెన్మార్కుకి వదిలేసి మిగతా సగం చుట్టుకున్నాడు, భార్య ముందుచూపుకి సంతోషించాడు.

ఇలా తిరిగి తిరిగి ఆదివారం పొద్దున్న ఆఖరి మజిలీలో లేచారు. పైడిరాజు ఇల్లు అక్కడికి గంటన్నర దారి. హాయిగా తొమ్మిదికల్లా చేరిపోవచ్చు. కానీ టెంటు తీశాక గవర్రాజుకి అనుమానం వచ్చింది. నిన్న వచ్చినప్పుడు వాన పడి గడ్డి తడిగా ఉంది, ఇప్పుడేమో ఎండిపోయింది. వచ్చినప్పుడు ఉన్నట్టే ఉంచాలి కదా. ఇద్దరూ చెరో చెంబూ పట్టుకుని కుళాయి నుంచి నీళ్ళు మోసి మైదానమంతా తడిపారు. పక్క టెంట్లలో పడుకున్నవాళ్ళు కూడా తడిశారు. నిన్న వాళ్ళూ తడిసే ఉన్నారని గవర్రాజుకి బాగా గుర్తు. అంతా అయ్యేసరికి తొమ్మిదయింది.

సైకిళ్ళు పరుగెత్తిస్తూ సగం దారి వచ్చారు. అక్కడ రోడ్డు పక్కన చిన్న బల్ల, దాని మీద కొత్త బంగాళాదుంపలు, స్ట్రాబెర్రీ బుట్టలు, పక్కనే డబ్బులు వేసే డబ్బా. మనిషి మాత్రం లేడు. ఆ దేశంలో అది మామూలే, కావలసినవాళ్ళు డబ్బులు వేసి తీసుకుపోతారు. గవర్రాజు గుండె తరుక్కుపోయింది. ఎవరో అమాయకులు కొట్టు వదిలేసి వెళ్ళిపోయారు, ఎవడైనా ఎత్తుకుపోతే ఏం కాను అన్నాడు. అంతే, ఇద్దరూ బల్లకి చెరో పక్కా కాపలా కూర్చున్నారు. కొనడానికి వచ్చినవాళ్ళని కూడా దగ్గరికి రానివ్వలేదు. ఈలోగా సంచీలో ఫోను మోగింది. నూకరత్నం చుట్టూ చూసింది. పిచ్చుకలు, ఎండ, బంగాళాదుంపలు తప్ప ఆపద ఎక్కడా కనబడలేదు. అందుకని బయటికి తియ్యలేదు. అది పదిహేడుసార్లు మోగింది.

పదకొండుకి పది నిమిషాలుందనగా కొట్టు తాలూకు ఆవిడ వచ్చింది. ఆవిడ భాష వీళ్ళకి రాదు, వీళ్ళ భాష ఆవిడకి రాదు. సరుకు కాపాడారని ఆవిడకి ఎలాగో బోధపడి, నవ్వుతూ చెయ్యి పట్టుకుని పశువుల కొట్టంలోకి తీసుకెళ్ళింది. ఆ తెల్లవారుజామునే పుట్టిన దూడ, ఇంకా కాళ్ళు నిలదొక్కుకోలేదు. దాన్ని చూడగానే పసివాడు గుర్తొచ్చి నూకరత్నం కొట్టం గోడకున్న గడియారం వైపు చూసింది. పదకొండుకి ఒక్క నిమిషం.

తమ్ముడి మొహం కళ్ళ ముందు కదిలింది, నాన్నగారి మొహమూ కదిలింది. పదకొండు దాటకూడదు. పదకొండు కొట్టేసరికి చెవిలో పేరు చెప్పెయ్యాలి. ఎదురుగా పసిది ఉంది, దానికి చెవి ఉంది. గడియారం కొట్టడం మొదలెట్టింది. నూకరత్నం మోకాళ్ళ మీద కూర్చుని, కన్నీళ్ళు కారుతుండగా, దూడ చెవిలో సింహాచలం, సింహాచలం, సింహాచలం అంది. గవర్రాజు రెండు గడ్డిపరకలు తుంచి అక్షింతలుగా వేశాడు.

దారిలో చెయ్యెత్తినవాళ్ళ దగ్గరల్లా ఆగుతూ ఒంటిగంటకి ఇల్లు చేరేసరికి పైడిరాజు వీధిలోనే నిలబడి ఉన్నాడు. లోపల చుట్టాలు, స్నేహితులు, ఫోనులో అనకాపల్లి పురోహితుడు. నూకరత్నం సైకిలు దిగుతూనే, నిమిషం కూడా దాటనివ్వలేదని, నాన్న పేరు పెట్టేశానని చెప్పింది. ఎవరికి అన్నాడు పైడిరాజు. దూడకి అంది. సాయంత్రం ఐదుకి ఇంకో మంచి ఘడియ ఉందని పురోహితుడు ఫోనులో చెబుతున్నాడు. సరే, ఐదుకి వీడి చెవిలో చెప్పమన్నాడు పైడిరాజు.

"ఇచ్చీసిన పేరు మళ్ళీ ఎలాగిస్తాన్రా," అంది నూకరత్నం. "అది దూడ దగ్గరుంది కదా."

పైడిరాజుకి ఏడుపొక్కటే తక్కువ. "అయితే ఎల్లి ఆ దూడనడిగి ఎనక్కి తెచ్చీయప్పా," అని విసురుగా అనేసి లోపలికి వెళ్ళిపోయాడు.

అంతే. రెండు సైకిళ్ళూ వెనక్కి తిరిగాయి.

కొట్టంలో నూకరత్నం దూడ మూతి దగ్గర చెవి పెట్టి, నాన్నా, మా పేరు మాకిచ్చెయ్ అని బతిమాలింది. దూడ ఆకలి మీదుందో ఏమో, చెవిలోకి మూడుసార్లు అరిచింది. సరిగ్గా మూడే. గవర్రాజు వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. పేరు జారిపోకుండా నూకరత్నం ఆ చెవిలో దూది కుక్కుకుని, దారి పొడుగునా తల ఒక పక్కకే వంచుకుని తొక్కింది. ఎవరూ చెయ్యెత్తకుండా గవర్రాజు ముందు పోతూ, కనబడినవాళ్ళందరికీ దణ్ణాలు పెట్టి చేతులు దింపించాడు.

ఐదుకి రెండు నిమిషాలుందనగా గుమ్మంలో అడుగుపెట్టారు. వస్తారని ఆశ వదులుకున్న పైడిరాజుకి ప్రాణం లేచొచ్చింది. చుట్టాలు దారిచ్చారు. నూకరత్నం చెవిలో దూది తీసి ఉయ్యాల మీదికి వంగింది. పైడిరాజు చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, నాన్నగారి పేరు కోసం ఎదురుచూశాడు.

నూకరత్నం బిడ్డ చెవిలో అంబా అంది. మళ్ళీ అంబా అంది. మూడోసారి కాస్త గట్టిగా అంది. పురోహితుడు ఫోనులోంచి శుభం అన్నాడు.

పైడిరాజు కళ్ళు తెరిచాడు. సగం పంచెలో ఉన్న గవర్రాజు వచ్చి అతని భుజం తట్టాడు.

"కంగారు పడకు పైడీ, నాన్నగారి పేరే అది. దూడ నోట్లో నాలుగైదు గంటలుంది కదా, రవ్వంత నమిలీసింది."